ప్రోగ్రామర్ల సంధి ప్రకరణం

సంధి అనే మాట వినగానే తెలుగు పండితుడికి రెండు పదాలు గుర్తుకు వస్తాయి. చరిత్ర మాస్టారికి ఇద్దరు రాజులు గుర్తుకు వస్తారు. సాఫ్టువేరు రాసేవారు 'మెర్జ్' అని పిలుచుకునే పనిలో ఈ రెండర్థాలూ ఒక్కచోటనే ఉన్నాయి. విడివిడిగా దిద్దిన రెండు రాతప్రతులు ఒకటి కావాలి. దిద్దిన ఇద్దరి ఉద్దేశాలూ అందులో నిలవాలి. మొదటి పని యంత్రం చాలామటుకు చేసిపెడుతుంది. రెండవది చేయదు. చేసినట్లు కనిపించడమే అసలు ప్రమాదం. ఈ టపాలో చెప్పదలచుకున్నది అదే.

వ్యాకరణం చెప్పుకునేవాడికి ఈ గొడవ ఎందుకు అని మిత్రులు అడగవచ్చు. 2022 వేసవిలో నా పూర్వ విద్యార్థులు నలుగురు, ఉన్నత పాఠశాల పిల్లలకు సంధులు నేర్పే ప్రోగ్రాము ఒకటి తయారు చేద్దామని వచ్చారు. రెండు పదాలు ఇస్తే అది కలిపి చూపాలి. ఏ సంధి జరిగిందో, అది నిత్యమో వైకల్పికమో చెప్పాలి. ప్రోగ్రాము రాసే పని వారిది. సూత్రాలు, ఉదాహరణలు, మినహాయింపులు సమకూర్చే పని నాది. ఒకరు హైదరాబాదులో, ఇద్దరు బెంగుళూరులో, ఒకరు విశాఖపట్నంలో, నేను మా ఊళ్ళో. ఐదుగురమూ చేతులు పెట్టేది ఒకే ఫైళ్ళ మీద. "మాస్టారూ, ఈమెయిలులో ఫైళ్ళు పంపితే ఏది కొత్తదో ఏది పాతదో తెలియక చస్తాం. మీరు కూడా గిట్ నేర్చుకోవాలి" అని పట్టుబట్టారు. సరేనన్నాను.

ఒకే రాతను పలువురు దిద్దడంలోని చిక్కు కంప్యూటరు లోకంలో పాతదే. 1972లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన ఎస్.సి.సి.ఎస్., 1982లో అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఆర్.సి.ఎస్. ఈ చిక్కును తాళంతో తీర్చాయి. ఫైలును దిద్దదలచినవాడు ముందు దానికి తాళం వేసుకోవాలి; అతడు విడిచేదాకా మిగిలినవారు చదువుకోవచ్చు గాని దిద్దరాదు. ఉపాధ్యాయుల గదిలో పని చేసినవారికి ఇది వివరించనక్కరలేదు. మార్కుల రిజిస్టరు బీరువాలో ఉంటుంది. బీరువా తాళంచెవి సెలవు పెట్టిన మాస్టారి జేబులో ఉంటుంది.

తాళం అక్కరలేని పద్ధతి ఒక ఉపాధ్యాయుడి అవసరం నుంచే వచ్చిందని తెలిసి సంతోషం కలిగింది. 1986 ప్రాంతంలో ఆమ్‌స్టర్‌డామ్‌లో పాఠాలు చెప్పే డిక్ గ్రూన్, ఇద్దరు విద్యార్థులతో కలిసి ఒక సి-భాషా కంపైలరు మీద పని చేస్తుండేవారు. ముగ్గురి వేళలూ మూడు రకాలు. ఒకరి కోసం ఒకరు కాచుకుని కూర్చోకుండా, ఎవరి నకలు వారు దిద్దుకుని తరువాత కలుపుకునే ఉపాయంగా ఆయన రాసుకున్నదే సి.వి.ఎస్.కు మొదటి రూపం. ఆ దారిలోనే సబ్‌వర్షన్ 2004లో 1.0 రూపానికి వచ్చింది. లినక్స్ కెర్నెల్ బృందం అంతకు ముందు వాడుకుంటున్న బిట్‌కీపర్ అనే సాధనం ఉచితంగా దొరకడం ఆగిపోగా, 2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ గిట్‌ను మొదలుపెట్టారు. మేము వాడుతున్నది ఇదే.

గిట్‌లో దాచిన ప్రతి మార్పుకూ ఒక గుర్తుసంఖ్య ఉంటుంది. దానిని మామూలుగా 40 అక్షరాలలో రాస్తారు. ప్రతి మార్పూ తన తల్లి ఎవరో తనలోనే రాసుకుని ఉంటుంది. బ్రాంచి, అనగా శాఖ, అంటే మొత్తం పుస్తకానికి మరొక నకలు కాదు. వరుసలో చిట్టచివరి మార్పును చూపించే ఒక పేరు మాత్రమే. అందుచేత శాఖ వేయడానికి రెప్పపాటు కాలం పట్టదు. మా పనిలో కొత్తగా ఏది చేయబోయినా దానికొక శాఖ. అరకొర పని ప్రధాన శాఖలో పడి అందరినీ ఇబ్బంది పెట్టకూడదని నియమం.

శాఖ అన్న మాట మనకు వేదాల నుంచి వచ్చినది. శాఖకూ సంధికీ ఉన్న బంధం కూడా అక్కడిదే: విడి పదాలు సంహితగా కలిసేటప్పుడు వచ్చే మార్పులను ఆయా శాఖల వారీగా వివరించేవే ప్రాతిశాఖ్యాలు. అయితే ఒక భేదం ఉన్నది. వేదశాఖ ఉన్నది ఉన్నట్లుగా విడిగా నిలవడానికి పుట్టింది. ఒక్క స్వరం పక్క శాఖలోకి పోరాదని అధ్యేతలు తరతరాలుగా కాపాడుకు వచ్చారు. ప్రోగ్రాము శాఖలలో చాలావాటి పుట్టుక కలిసిపోవడానికే. కలవకుండా నెలల తరబడి నిలిచిపోయిన శాఖ వాడిపోతుంది. ఇది తెలియక శాఖల సంఖ్యను చూసి మురిసిపోయే బృందాలు ఉంటాయట.

ఇక కలపడం ఎట్లాగో చూద్దాము. ఒకే పాఠానికి రెండు ప్రతులు మీ ముందు ఉన్నాయనుకోండి. ఒకదానిలో ఐదవ పంక్తి ఒక రకంగా, రెండవదానిలో మరొక రకంగా ఉన్నది. ఎవరు మార్చారు? రెండు ప్రతులనూ ఎంతసేపు చూసినా తెలియదు. ఆ రెండింటికీ మూలమైన మూడవ ప్రతి దొరికితే క్షణంలో తెలుస్తుంది. మూలంతో మొదటి ప్రతి ఏకీభవిస్తే మార్చినవాడు రెండవవాడే. అతని మార్పును తీసుకోవాలి. గిట్ చేసేది ఇదే. రెండు శాఖలు ఎక్కడ విడిపోయాయో వెనక్కు వెళ్ళి ఆ ఉమ్మడి మూలాన్ని పట్టుకుని, మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తుంది.

పాఠపరిష్కరణ ఎంత కష్టమో కొంచెమైనా తెలిసినవారికి ఈ సౌకర్యం చూస్తే అసూయ కలుగుతుంది. పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధనా సంస్థ 1919లో మహాభారత సంశోధిత ముద్రణకు పూనుకుంటే 1966 నాటికి మూలపాఠం పూర్తయింది. పన్నెండు వందలకు పైబడిన తాళపత్ర, కాగితపు ప్రతులను ఔత్తరాహ, దాక్షిణాత్య పాఠాలుగా వేరుపరచి, ఏది దేనినుంచి పుట్టిందో వంశవృక్షాలు గీసి, ఎన్నడూ కంటితో చూడని మూలాన్ని ఊహించవలసి వచ్చింది. ఆ పండితులు ఊహతో కట్టుకున్న వృక్షాన్ని గిట్ మొదటి రోజు నుంచే రాసిపెట్టుకుంటుంది. లేఖకుడి పేరు, తేదీ, కారణంతో సహా. కారణం రాసే చోట 'చిన్న మార్పులు' అని రాసి ఊరుకునేవారి సంగతి వేరు. మా బృందంలో ఆ మాట రాయరాదని నేను పట్టుబట్టాను. ఏది మారిందో యంత్రమే చూపిస్తుంది. ఎందుకు మారిందో మనిషే చెప్పాలి.

కలిపేటప్పుడు జరిగేవాటిని నేను నా పరిభాషలో చెప్పుకుంటాను. ఒక పంక్తిని ఒక్కరే మార్చినప్పుడు యంత్రం తనంతట తానే కలుపుతుంది; ఇది ఉత్వసంధి వంటి నిత్యసంధి. ఒకే పంక్తిని ఇద్దరూ వేర్వేరుగా మార్చినప్పుడు యంత్రం ఆగిపోతుంది. ఏడు బాణపు గుర్తుల మధ్య మీ రూపమూ, వారి రూపమూ రెండూ ఉంచి, 'మీరే తేల్చుకోండి' అంటుంది. దీనిని వారు కాన్‌ఫ్లిక్ట్ అంటారు, నాకు వైకల్పికం. ఉమ్మడి మూలమే లేని రెండు చరిత్రలను కలపబోతే, మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప గిట్ ఒప్పుకోదు. 2016లో వచ్చిన 2.9 నుంచి ఈ కట్టుబాటు ఉన్నది. ఇది నిషేధం. "మాస్టారూ, పదేళ్ళుగా మెర్జ్ చేస్తున్నాం, ఇంత సులువుగా మాకెవరూ చెప్పలేదు" అన్నది విశాఖపట్నం అమ్మాయి. పొగడ్త అని తెలిసినా కాదనలేకపోయాను.

తెలుగు రాతకు మాత్రమే వచ్చే పేచీలు కొన్ని ఉన్నాయి. తెలుగులో పని చేసేవారికి పనికివస్తాయని రాస్తున్నాను. గిట్ పోల్చేది పంక్తులను. పేరా మొత్తం ఒకే పంక్తిగా రాస్తే ఒక్క కొమ్ము మార్చినా పేరా అంతా మారినట్లే చూపుతుంది. ఇద్దరు ఆ పేరాలో చెరొక మూల తాకినా పేచీయే. అందుకని మేము ఒక సూత్రం ఒక పంక్తి, ఒక వాక్యం ఒక పంక్తి అని పెట్టుకున్నాము. ఇంకొకటి: కొన్ని పేచీలలో రెండు రూపాలూ కంటికి అచ్చంగా ఒకటే. పొల్లు తరువాత అక్షరాలు అతుక్కోకుండా వేసే కనబడని గుర్తు ఒకదానిలో ఉండి, రెండవదానిలో ఉండదు. లేదా ఐత్వాన్ని ఒకరి యంత్రం ఒకే గుర్తుగా, మరొకరిది ఎత్వమూ ఐత్వపు కింది భాగమూ అని రెండు గుర్తులుగా రాస్తుంది. మనకు ఒకటే అక్షరం, యంత్రానికి రెండు. దాచే ముందే అన్నింటినీ ఒకే రూపానికి తెచ్చే చిన్న పరికరం ఒకటి పెట్టుకున్న తరువాత ఈ బాధ తగ్గింది. ఫైళ్ళకు తెలుగు పేర్లు పెడితే గిట్ మొదట వాటిని అంకెల గుత్తిగా చూపిస్తుంది. ఒక అమరిక మారిస్తే తెలుగులోనే చూపుతుంది.

ఇవన్నీ కనబడే పేచీలు. కనబడనిది 2023 జూన్‌లో వచ్చింది.

ఆ ఏడాది మే నెలలో ఇద్దరు రెండు శాఖలు వేశారు. అప్పటివరకు మా ప్రోగ్రాము ఏ రెండు పదాలిచ్చినా ఒకే జవాబు చెప్పేది. వైకల్పిక సంధులకు రెండు రూపాలూ చూపాలని నేను అడిగాను. 'ఏమి', 'అంటివి' కలిస్తే 'ఏమంటివి' సరైనదే, 'ఏమియంటివి' సరైనదే. బెంగుళూరు అమ్మాయి 'వికల్పం' అనే శాఖలో ఆ పని చేసింది. జవాబు 'ఏమంటివి / ఏమియంటివి' అని మధ్యన గీతతో వచ్చేది. తెర మీద చదువుకోవడానికి చక్కగా ఉన్నది. అదే రోజులలో హైదరాబాదు అబ్బాయి 'పరీక్ష' అనే శాఖలో కొత్త పేజీ తయారు చేశాడు. ప్రోగ్రాము ప్రశ్న అడుగుతుంది. విద్యార్థి జవాబు రాస్తే, దానిని ప్రోగ్రాము జవాబుతో పోల్చి తప్పొప్పులు చెబుతుంది. అతని శాఖలో అది నూటికి నూరుపాళ్ళు పని చేసింది. ఇద్దరూ తాకిన ఫైళ్ళు వేరు. రెండు శాఖలూ ప్రధాన శాఖలో కలిపినప్పుడు గిట్ ఒక్క అభ్యంతరమూ చెప్పలేదు. దానికి 'జూన్-1' అని గుర్తు వేసి కొన్ని పాఠశాలలకు ఇచ్చాము.

జులైలో ఒక పల్లెటూరి పాఠశాల నుంచి తెలుగు ఉపాధ్యాయిని ఫోను చేసింది. పదవ తరగతి పిల్ల 'ఏమంటివి' అని రాస్తే తప్పని చెప్పిందట. 'ఏమియంటివి' అని రాస్తే అదీ తప్పేనట. రాముడు, అతడు కలిపి రాముడతడు అంటే ఒప్పుకున్నది. ఏ జవాబైనా గీతతో సహా రెండు రూపాలూ రాస్తే తప్ప వైకల్పిక సంధి దగ్గర పిల్లలకు మార్కు రాదని మాకు ఆ మాటతోనే అర్థమయింది. నన్ను కలత పెట్టినది ఆమె తరువాత చెప్పిన మాట. "ఆ పిల్ల నోటు పుస్తకంలో ఇప్పుడు 'ఏమి అంటివి' అని విడదీసే రాస్తోందండీ. సంధి చేస్తే తప్పంటుందిగా టీచర్ అంటోంది."

ముప్పై ఏళ్ళకు పైగా జవాబు పత్రాలు దిద్దినవాడిని. తప్పు జవాబుకు మార్కు పడితే పిల్లవాడు కొన్నాళ్ళకు ఎక్కడో అక్కడ దిద్దుకుంటాడు. సరైన జవాబుకు తప్పు గుర్తు పడితే, తెలిసినదానిని కూడా వదులుకుంటాడు. ఉపాధ్యాయుడు వేసిన తప్పు గుర్తును పిల్ల అడగగలదు. యంత్రాన్ని ఎవరిని పిలిచి అడుగుతుంది?

తప్పు ఎక్కడిదో వెదకడానికి గుర్తులు అక్కరకు వచ్చాయి. లేబులు అనండి, ట్యాగు అనండి, ఫలానా రోజున బయటికి ఇచ్చినది సరిగ్గా ఇదీ అని చరిత్రలో ఒక చోట వేసే ముద్ర అది. శాఖ పేరు మార్పు జరిగిన కొద్దీ ముందుకు జరుగుతుంది, గుర్తు కదలదు. ఆ పాఠశాలలో ఉన్నది 'జూన్-1' అని తెలిసింది. దానికి ముందటిది 'ఏప్రిల్-1'. రెండింటికీ మధ్య 14 మార్పులు. బైసెక్ట్ అనే సదుపాయంతో మధ్య మార్పును తీసి, ఇక్కడ ఈ అన్యాయం ఉన్నదా లేదా అని చూసి, సగం సగం చేసుకుంటూ పోయాము. పరీక్ష పేజీయే లేనిచోట తప్పు లేనట్లే లెక్క. నాలుగు సార్లు చూసేసరికి దొరికింది. దొరికినది ఎవరి మార్పూ కాదు; రెండు శాఖలు కలిసిన చోటు. దానికి తల్లులు ఇద్దరు. ఇద్దరినీ విడిగా పరీక్షిస్తే ఏ దోషమూ లేదు.

అంతకు ముందు సాయంత్రం ఇద్దరూ ఫోనులో కొంచెం గట్టిగానే మాట్లాడుకున్నారు. "నా కోడులో తప్పు లేదు" అని అతడు, "నా కోడులోనూ లేదు" అని ఆమె. ఇద్దరూ నిజమే చెప్పారు. పంక్తులు పోల్చే యంత్రానికి, ఒక ఫైలు ఇచ్చే జవాబును మరొక ఫైలు ఏమని నమ్ముకుని ఉన్నదో తెలియదు. జవాబు ఒక్క పదమే అని ఒకరు నమ్మారు. ఆ నమ్మకం ఎక్కడా రాసి లేదు. రెండవవారు మార్చినది ఆ నమ్మకాన్ని. కలిసిన చోట తప్పు పుట్టినప్పుడు బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నకు మేము చివరికి చెప్పుకున్న జవాబు ఇది: కలిపేవాడిది. గిట్ 'సరే' అన్నదంటే పంక్తులు కుదిరాయని మాత్రమే. అర్థం కుదిరిందని చెప్పవలసినది కలిపేవాడు.

సవరణ చేసే ముందు ఇంకొక చర్చ వచ్చింది. "తప్పు దిద్దేసి 'జూన్-1' గుర్తునే దాని మీదికి జరిపేద్దాం మాస్టారూ, ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు ఒకడు. యంత్రం అందుకు అవకాశం ఇస్తుంది కూడా. ఒప్పుకోలేదు. పాత 'జూన్-1' పెట్టుకున్న పాఠశాలలు ఉన్నాయి. ఇకమీదట ఒకే పేరుతో రెండు వస్తువులు తిరుగుతాయి. రేపు ఇంకొక ఉపాధ్యాయిని ఫోను చేసి 'మా దగ్గర జూన్-1 ఉన్నది' అంటే మనకు ఏమి తెలిసినట్లు? మార్కుల రిజిస్టరులో తప్పు పడితే రబ్బరుతో చెరపరు. పాత అంకె కనబడేలా ఒక గీత కొట్టి, పక్కన కొత్త అంకె వేసి, సంతకం చేస్తారు. గిట్ వారి సూచనా అదే: బయటివారు చూసేసిన గుర్తును కదపకుండా కొత్త పేరు పెట్టండి అని. 'జూన్-2' అయింది. గుర్తు వేసి ఊరుకుంటే చాలదు. మామూలుగా మార్పులు పంపే ఆదేశంతో గుర్తులు వాటంతట అవి వెళ్ళవు, విడిగా పంపాలి. మా గుర్తు రెండు రోజులు ఒకరి కంప్యూటరులోనే ఉండిపోయి అందరూ వెదుక్కున్నారు.

సవరణను 'జూన్-1' నుంచి వేసిన చిన్న శాఖలో చేశాము. ప్రధాన శాఖలో అప్పటికి సగం పూర్తయిన సమాసాల పని ఉన్నది. దానిని పాఠశాలలకు పంపలేము. ఆ చిన్న శాఖను పాఠశాలలకు ఇచ్చిన వెంటనే ప్రధాన శాఖలోనూ కలిపాము. ఈ రెండవ మెట్టు మరచిపోతే దిద్దిన తప్పు మరుసటి విడుదలలో తిరిగి లేస్తుంది. పునర్ముద్రణలో దిద్దిన అచ్చుతప్పు, పాత ప్రతిని చూసి కూర్చిన రెండవ కూర్పులో మళ్ళీ ప్రత్యక్షమవడం పుస్తకాలు వేసినవారికి తెలిసినదే. ఇప్పుడు ఆ పేజీలో పిల్లలు ఏ రూపం రాసినా 'సరే' అంటుంది. ఇంకొక రూపం కూడా ఉన్నది, చెప్పగలవా అని అడుగుతుంది. ఆ ఉపాధ్యాయినికి నేనే ఫోను చేసి, ఆ పిల్లకు ముందు ఈ మాట చెప్పమన్నాను.

అప్పటినుంచి మేము పాటించే పద్ధతులు చెప్పి ముగిస్తాను. ఏ శాఖకూ వారం రోజులకు మించి ఆయుష్షు లేదు. పని పెద్దదైతే ముక్కలు చేసుకోవాలి. రోజు విడిచి రోజు ప్రధాన శాఖలోని మార్పులను తన శాఖలోకి తెచ్చుకోవాలి. దూరం పెరిగిన కొద్దీ కలపడం కష్టమవుతుంది. నేను 120 పదాల జంటలతో ఒక పట్టిక రాసి ఇచ్చాను. నిత్యం, వైకల్పికం, నిషేధం, బహుళం అన్నీ అందులో ఉన్నాయి. శాఖలు విడిగా ఉన్నప్పుడే కాక, కలిపిన తరువాత కూడా ఆ పట్టిక మొత్తం పరీక్ష పేజీ గుండా నడవాలి. కలిపేటప్పుడు ఇద్దరు ఉండాలి. ప్రూఫులు దిద్దేటప్పుడు ఒకరు పైకి చదువుతుంటే మరొకరు చూసినట్లు, ఒకరు మార్పును చదివి చెప్పాలి; మరొకరు 'దీనిని ఇంకెవరు వాడుకుంటున్నారు?' అని అడగాలి. ఆ ఒక్క ప్రశ్న మే నెలలో ఎవరైనా అడిగి ఉంటే సరిపోయేది.

మిత్రులలో సమష్టిగా నిఘంటువులు కూర్చేవారు, పాత పుస్తకాలు యూనికోడులోకి తెచ్చేవారు ఉన్నారు. గిట్ కాక మరేది వాడినా, వట్టి ఫైళ్ళే ఇచ్చిపుచ్చుకున్నా, ఇద్దరి పని ఒకటయ్యే చోటు ఒకటి ఉంటుంది. అక్కడ ఒక మనిషిని కూర్చోబెట్టండి. రెండు వైపులా చదవగలిగినవారైతే మరీ మంచిది.